పాత పెంకుటిల్లు ఉన్నోళ్ళు వానల ముందు చేసుకోవాల్సిన పనులు

పాత ఇల్లు చేతికి రాగానే చాలామంది మొదట చేసే పని రంగులేయించడం, ఆ తర్వాత నాపరాళ్ళు పీకించి టైల్స్ వేయించడం. ఈ రెండూ అన్నిటికన్నా ఆఖర్న చేయాల్సినవి. పాత ఇంటిని పాడుచేసేది నీళ్ళే, పైనుంచి కారేవి కొన్ని, పక్కనుంచి జల్లు కొట్టేవి కొన్ని, కింద నుంచి గోడలోకి ఎక్కేవి కొన్ని. వీటికి దారి చూపించేస్తే మిగతా పనులన్నీ తీరుబడిగా, డబ్బులున్నప్పుడల్లా కొంచెం కొంచెం చేసుకోవచ్చు. వీటిని వదిలేసి ఎన్ని లక్షలు పోసినా మూడో ఏడాదికి మళ్ళీ గోడ రాలుద్ది. నేను రాసేదంతా మా కోస్తా వైపు ఉండే ఇళ్ళ గురించి, ఇటుక గోడ, సున్నం పని, తాటి దూలాలో టేకు దూలాలో, పైన బెంగుళూరు పెంకు, ముందు అరుగులు, కొన్నిటికి మధ్యలో మండువా, అంటే పైన కప్పు లేని లోగిలి. రాయలసీమ మట్టి మిద్దెలకి, స్లాబు ఇళ్ళకి గోడల సంగతి, కరెంటు సంగతి పనికొస్తాయి గానీ కప్పు సంగతి వేరు.

కప్పుతో మొదలెట్టండి

ఉగాది వెళ్ళాక పెట్టుకోండి ఈ పని. మే నెలాఖరుకి పెంకు సర్దే మేస్త్రీ ఒక్కడు కూడా దొరకడు, ఊళ్ళో అందరికీ అప్పుడే గుర్తొస్తుంది కాబట్టి. జూన్ వచ్చిందంటే ఏ రోజు వాన పడుద్దో తెలీదు, పెంకులు దింపాక వాన పడితే ఇక అంతే.

మేస్త్రీని పిలిచే ముందు మీరే ఒకసారి చూసుకోండి. మిట్టమధ్యాహ్నం తలుపులు కిటికీలు మూసేసి, లైట్లు ఆర్పేసి, పైకి చూస్తూ గదంతా నెమ్మదిగా తిరగండి. ఎక్కడెక్కడ వెలుగు చుక్కలు కనబడతాయో అక్కడ పెంకు జరిగిందో పగిలిందో అన్నమాట, ఫోన్లో ఫోటో తీసుకోండి. కింద చెక్క సీలింగు ఉంటే అటక ఎక్కి చూడాలి, తప్పదు. అయితే ఒక మాట, నేల మీద చుక్క పడే చోటుకి సరిగ్గా పైనే చిల్లు ఉండదు. నీళ్ళు పెంకు సందులోంచి దిగి, రీపరు (పెంకులు ఆనే సన్న చెక్క పట్టీ) పట్టుకుని, వాసం మీదగా జారుకుంటూ వచ్చి ఎక్కడో మేకు దగ్గర చుక్కలు కడతాయి. అందుకని వాసం మీద నల్లటి చార ఎక్కడ మొదలైందో దాని వెంట పైకి వెళ్తూ వెతకండి, చుక్క పడే చోట పెంకు మార్పించి లాభం లేదు.

పగిలిన పెంకు మార్చడం చిన్న పనే గానీ కొత్త పెంకు కొనేటప్పుడు చాలామంది ఇక్కడ దెబ్బతింటారు. ఈ రకం పెంకు 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెట్టిన ఫ్యాక్టరీతో మొదలైంది, తర్వాత ఎన్నో ఫ్యాక్టరీలు అదే నమూనాలో పోశాయి, కానీ ఎవరి అచ్చు వాళ్ళది, గాడి లోతు ఒకరిది ఒకలా, పొడుగు ఒకరిది ఇంకోలా ఉంటుంది. వేరే అచ్చు పెంకు తెచ్చి మధ్యలో దూరిస్తే పైకి కూర్చున్నట్టే కనబడుద్ది గానీ పక్క పెంకు గాడిలో సరిగా పడదు, ఆ సందులోంచే జల్లు లోపలికొస్తుంది. మీ పెంకు ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడండి, కంపెనీ పేరు అచ్చేసి ఉంటుంది. అదే పేరున్న పాత పెంకులు, ఎవరైనా ఇల్లు పడగొడుతుంటే వాళ్ళ దగ్గర అడిగి కొని పెట్టుకోండి, ఇప్పుడు అవసరం లేకపోయినా సరే. కొనేటప్పుడు ఒక్కొక్కటీ చేతిలో పట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూడాలి, ఖంగుమని మోగితే మంచిది, డబ్ డబ్ మంటే లోపల బీట ఉన్నట్టు. అలా మోగనివి ఎంత చౌకకి ఇచ్చినా వద్దు. తెచ్చిన పెంకుల్ని గోడవార నిలబెట్టి పేర్చండి, మళ్ళీ తీసేటప్పుడు మాత్రం చూసుకుని చెయ్యి పెట్టండి, తేళ్ళకి అంతకన్నా ఇష్టమైన చోటు ఉండదు.

కప్పు ఎక్కే మనిషి ఎలా నడుస్తున్నాడో చూడండి. పెంకు మధ్యలో కాలేస్తే పుటుక్కుమంటుంది. ఒక పెంకు మీద ఇంకో పెంకు ఎక్కే చోట, కింద రీపరు ఉండే చోట అడుగేయాలి, ఇంకా మంచిది ఏంటంటే నిచ్చెన పడుకోబెట్టి దాని మీద పాకడం. బాగు చేసినవి నాలుగు, తొక్కి పగలగొట్టినవి పది అయ్యే ఇళ్ళు చాలా ఉన్నాయి. నాచు పట్టిన తడి కప్పు మీదకి ఎవర్నీ ఎక్కనివ్వకండి, అది ప్రాణం మీదకి వచ్చే సంగతి.

మండువా ఉన్నవాళ్ళకి ఇంకో ముఖ్యమైన చోటు ఉంది, రెండు వాలులు వచ్చి కలిసే మూల. అక్కడ పెంకుల కింద రేకు దోనె వేసుంటారు, రెండు వైపుల నీళ్ళూ దాని మీదే పడతాయి. వేపాకు, చింతాకు, కాకులు తెచ్చి పడేసిన పుల్లలు అన్నీ అందులోకే చేరతాయి. అది మూసుకుపోతే నీళ్ళు ఎగదన్ని పెంకుల కిందకి పోయి సరాసరి మూల వాసం మీద పడతాయి, ఆ వాసం కుళ్ళిందంటే ఆ మూలంతా కుంగుద్ది. ఏడాదికి రెండుసార్లు, జూన్ ముందు ఒకసారి, అక్టోబర్ ముందు ఒకసారి దోనె తుడిపించండి. రేకు తుప్పు పట్టి చిల్లులుంటే తారు పూయించి ఊరుకోవద్దు, రేకు మార్పించండి, తారు ఒక ఎండాకాలం కూడా ఆగదు.

మనకి అక్టోబర్, నవంబర్ తుఫాన్లు ఉండనే ఉన్నాయి. 1977 నవంబర్‌లో దివిసీమ, 1996 నవంబర్‌లో కోనసీమ, 2014 అక్టోబర్‌లో విశాఖకి హుద్‌హుద్, ఇవి చూసినవాళ్ళకి పెంకులు ఎలా లేచిపోతాయో చెప్పక్కర్లేదు. గాలి చూరు కిందనుంచి దూరి పెంకుని పైకి లేపుద్ది, ఒక్కటి లేచిందా ఇక దాని పక్కవి వరసగా పోతాయి. అందుకే చూరు దగ్గర మొదటి రెండు వరసలు, పక్క అంచుల వరసలు, పైన కొప్పు పెంకులు, ఇవి గట్టిగా ఉండాలి. పెంకు వెనక చిన్న బొడిపెకి కన్నం ఉంటుంది, అది ఊరికే పెట్టలేదు, తీగ దూర్చి రీపరుకి కట్టడానికి. జీఐ (జింకు పూత ఉన్న ఇనప) తీగ తెచ్చి అంచు వరసలన్నీ కట్టించండి. కొప్పు పెంకుల్ని సున్నంలో కూర్చోబెట్టాలి, సిమెంటు పాలు ఎక్కువైతే ఎండకి వాసాలు కదిలినప్పుడల్లా బీటలిస్తుంది. ఇలా కడితే కోతుల బాధ కూడా కొంత తగ్గుద్ది, అవి పెంకు ఎత్తి చూసి వదిలేస్తాయి గానీ కట్టినదాన్ని ఊడపీకే ఓపిక వాటికి తక్కువ.

దూలాలు, వాసాలు

చెక్కకి పైన రంగు బానే ఉంటుంది, లోపల ఏముందో తెలీదు. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని దూలం గోడలోకి దూరే చోట పొడిచి చూడండి, మధ్యలో కాదు. గోడలో ఉన్న కొసకి గాలి తగలదు, చెమ్మ తగులుద్ది, కుళ్ళడం అక్కడే మొదలవుద్ది. స్క్రూడ్రైవర్ అర అంగుళం సులువుగా దిగిందంటే వడ్రంగిని పిలవాలి. తాటి దూలం అయితే బయట నల్లటి చేవ ఇనుములా ఉంటుంది, లోపలి మెత్తటి భాగం చెద తినేస్తుంది, అందుకని సుత్తితో కొట్టి చప్పుడు వినండి, డొల్లగా వినబడితే కింద ఊతకర్ర పెట్టించి తర్వాత మిగతా ఆలోచన. కొస ఒక్కటే పోతే మొత్తం దూలం మార్చక్కర్లేదు, రెండు వైపులా ఇనప చానల్ వేసి బోల్టులు బిగించి గోడ మీద కూర్చోబెడతారు, బాగానే నిలుస్తుంది. మళ్ళీ గోడలో పెట్టేటప్పుడు చుట్టూ కొంచెం గాలి సందు వదలమని చెప్పండి, మేస్త్రీలు అలవాటుకొద్దీ సిమెంటుతో మూసేస్తారు.

చెదకి మందు కొట్టడం అంటే చెక్క మీద స్ప్రే చేయడం అనుకుంటారు. చెద నేలలోంచి వస్తుంది, గోడ మీద మట్టి గీతలా పైకి పాకుద్ది. గోడ వారన నేలకి సుమారు అడుగుకొకటి చొప్పున కన్నాలు పెట్టి, ఒక్కో దాంట్లో లీటరు దాకా మందు కలిపిన నీళ్ళు పోసి మూసేయాలి, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు దీనికే వాడతారు, ఎంత కలపాలో డబ్బా మీద రాసుంటుంది, చేతికి గ్లౌజులు వేసుకోవాలి, నుయ్యి ఉంటే దాని దగ్గర పోయకూడదు. చెక్కకి విడిగా శ్రీకాకుళం వైపు జీడి నూనె పూస్తారు, జీడి తొక్కలోంచి తీసేది. చెదకి, పురుగుకి బాగా ఆగుద్ది గానీ ఒంటికి తగిలితే బొబ్బలెక్కుద్ది, తెలిసినవాడితోనే పూయించండి.

తలుపులు వానాకాలంలో బిగుసుకుంటాయి. అప్పుడు చిత్రిక పట్టించకండి. చెక్క తేమకి ఉబ్బింది అంతే, అప్పుడు గీయించేస్తే ఎండాకాలానికి సందు పడి గొళ్ళెం అందదు. సంక్రాంతి దాకా ఆగి అప్పటికీ బిగుసుకుంటుంటే చూసుకోండి.

గోడలు, ఇక్కడే అసలు తప్పులన్నీ జరిగేది

సున్నం గోడ తేమని పీలుస్తుంది, మళ్ళీ ఎండకి వదిలేస్తుంది. దాని పని తీరే అంత. వానలో తడిసి వేసవికి ఆరిపోతూ వందేళ్ళు నిలబడుద్ది. ఆ గోడకి సిమెంటు ప్లాస్టింగు చేసి, పైన పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ ఎమల్షన్ వేశామంటే తేమకి బయటికొచ్చే దారి మూసేసినట్టే. నేల నుంచి ఎక్కే చెమ్మ మామూలుగా రెండు మూడు అడుగుల్లో ఆగి ఆరిపోయేది, ఇప్పుడు ఆరే దారి లేక ఇంకా పైకి ఎక్కుద్ది. నీళ్ళతో పాటు మట్టిలోని ఉప్పు కూడా వస్తుంది, అది పెయింటు వెనకాల గడ్డకట్టి పొరని నెడుతుంది, అదే మనం చూసే పొక్కులు, తెల్లటి పొడి. చాలామంది ఆ పొడి చూసి డ్యాంప్ ప్రూఫ్ పెయింటు కొడతారు, గోడకి ఇంకో రెయిన్‌కోటు తొడిగినట్టు, ఏడాదికి అది కూడా పెచ్చుగా ఊడొస్తుంది. నాపరాయి తీసి పెద్ద టైల్స్ వేయొద్దనేదీ ఇందుకే, నాపరాళ్ళ సందుల్లోంచి నేల కొంత చెమ్మ వదులుతుంది, టైల్స్ మూసేస్తే ఆ చెమ్మ పక్కకి గోడల్లోకి పోద్ది.

మరి ఏం చేయాలి. ముందు బయట చూడండి. మీ గోడ పక్కన నేల మట్టం ఎక్కడుంది? ఊళ్ళల్లో సిమెంటు రోడ్డు మీద మళ్ళీ సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోతారు, ఒకప్పుడు మూడు మెట్లెక్కాల్సిన ఇల్లు ఇప్పుడు రోడ్డుకి సమానంగానో కిందకో వచ్చేసింది. రోడ్డు నీళ్ళు గోడవార నిలబడితే లోపల ఏ మందు పూసినా ఆగదు. రోడ్డుకి, అరుగుకి మధ్య చిన్న కాలువ తీయించి వాలు చూసి డ్రైనేజీలోకి కలపండి. పెరట్లో గోడకి ఆనించి వేసిన సిమెంటు గచ్చు ఉంటే గోడ పక్కన ఒక అడుగు వెడల్పు కొట్టించేసి కంకర పోయించండి, చూరు నీళ్ళు అక్కడే పడతాయి, కంకరలో పడితే గోడ మీదకి చిందవు, గోడ అడుగు కూడా ఆరుద్ది. స్నానాల గది నీళ్ళు, కుళాయి దగ్గర లీకు, గోడకి ఆనించి పెట్టిన పూల కుండీలు, ఇవన్నీ ఒకసారి చూసుకోండి.

ఆ తర్వాత లోపల చెడిపోయిన సిమెంటు ప్లాస్టింగుని చెమ్మ గీత కన్నా ఒక అడుగు పైదాకా కొట్టించేయండి. ఇటుక బయటపడి చూడ్డానికి బాగోదు, చుట్టాలు ఏమనుకుంటారో అని వెంటనే మూయించేయాలనిపిస్తుంది, వద్దు, ఒక వేసవంతా అలాగే వదిలేయండి. పైకొచ్చిన ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపి ఎత్తి పారేయండి, నీళ్ళతో కడిగితే మళ్ళీ లోపలికే పోద్ది. ఆరాక సున్నంతోనే ప్లాస్టింగు చేయించాలి, సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు, ఆ ఇసుకలో కొంత తీసి బాగా కాలిన ఇటుక పొడి కలిపితే ఇంకా గట్టిగా ఉంటుంది. పాతకాలంలో గానుగలో తిప్పి, కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసి డంగు సున్నం చేసేవాళ్ళు. ఇప్పుడు గానుగ దొరక్కపోయినా సున్నం బాగా నానబెట్టి కలిపిస్తే సరిపోద్ది. సున్నం పని ఎండలో గబగబా ఆరకూడదు, తడి గోనెపట్టాలు కట్టి వారం రోజులు నీళ్ళు చల్లుతూ ఉండాలి.

రంగు బదులు వెల్ల వేయండి, ఖర్చు కూడా తక్కువే. రాళ్ళ సున్నం అయితే కిలోకి 5 లీటర్ల నీళ్ళ లెక్క. ముందు డ్రమ్ములో నీళ్ళు పోసి అందులో సున్నం రాళ్ళు కొంచెం కొంచెంగా వేయాలి, రాళ్ళ మీద నీళ్ళు గుమ్మరిస్తే ఎగిరి మొహాన పడుద్ది, అది సలసలా మరుగుద్ది కాబట్టి ప్లాస్టిక్ బకెట్ అసలు వాడకండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. కనీసం ఒక రాత్రి నాననిచ్చి పల్చటి గుడ్డలో వడకట్టి, కొంచెం బంక, చిటికెడు నీలిమందు కలపండి. గోడ తడిపి, పల్చగా, పాలలాగా ఉన్నదాన్నే వేయాలి, వేసేటప్పుడు ఏమీ కనబడదు, ఆరాక తెల్లగా తేలుద్ది. చిక్కగా ఒక్కసారి వేస్తే చేతికంటుకుని రాలిపోద్ది, పల్చగా మూడుసార్లు వేస్తే నిలుస్తుంది. ఇప్పటికే ఎమల్షన్ ఉన్న గోడ మీద మాత్రం సున్నం పట్టదు, అది గీకించాకే.

బీటలు చూసి భయపడకండి, ముందు అది కదులుతోందా లేదా తెలుసుకోండి. బీట మీద అడ్డంగా చిన్న గాజు ముక్క రెండు కొసలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి పక్కన తారీకు రాయండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు, ఇంజనీరుని పిలవాలి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచినా అలాగే ఉంటే పాత బీట, సున్నంతో నింపేస్తే సరి. నల్లరేగడి నేలల్లో ఎండాకాలం తెరుచుకుని వానలకి మూసుకునే బీటలు ఉంటాయి, నేల ఎండకి కుంచించుకుని వానకి ఉబ్బుద్ది కాబట్టి, ఆ బీటల్లో గట్టి సిమెంటు కుక్కితే ఉబ్బినప్పుడు పక్కన ఇంకోటి పగులుద్ది. గోడ సందులో రావి మొక్క, మర్రి మొక్క కనబడితే నాలుగాకులప్పుడే వేరుతో సహా తీసేయండి. రావిచెట్టు కొట్టకూడదని ఊరుకుంటారు కొందరు, తీసి గుళ్ళోనో చెరువు గట్టునో నాటండి, గోడలో మాత్రం పెరగనివ్వద్దు.

కరెంటు

దీంట్లో పొదుపు పనికిరాదు. చెక్క పట్టీల మీద వైరు, పింగాణీ కిట్‌కాట్ ఫ్యూజులు, రెండు పిన్నుల ప్లగ్గులు ఉన్నాయంటే ఆ ఇంటికి సరైన ఎర్తింగు లేదనే లెక్క. అప్పట్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్ల కోసం వేసిన వైరు అది, దాని మీద గీజరు, ఫ్రిజ్జు, ఏసీ పెడితే వేడెక్కి తొడుగు పొడిపొడి అవుద్ది, పైన ఉన్నదేమో ఎండిన చెక్క. ఎలకలు కొరికిన చోట్లు వేరే. మొత్తం తీసేసి పీవీసీ పైపులో కొత్తగా లాగించండి, లైట్లు ఫ్యాన్లకి 1.5 స్క్వేర్ ఎంఎం, పవర్ ప్లగ్గులకి 2.5, ఏసీకి గీజరుకి విడివిడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. పెరట్లో ఎర్త్ పిట్ తవ్వించి, వేసవిలో అప్పుడప్పుడు దాంట్లో నీళ్ళు పోస్తూ ఉండాలి, నేల ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదు.

మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించండి. ఎంసీబీ (ఫ్యూజు బదులు ఉండే స్విచ్చు) కాపాడేది వైరుని, మనిషికి షాక్ కొట్టినప్పుడు కట్ చేసేది ఆర్‌సీసీబీ, తడి గోడలున్న ఇంట్లో ఇది లేకుండా ఉండకూడదు. పెట్టాక వానాకాలంలో మాటిమాటికి పడిపోతోందని దాన్ని తీయించేస్తారు కొంతమంది, దయచేసి ఆ పని చేయకండి, అది పడిపోతోందంటే ఎక్కడో తడి గోడలోకి కరెంటు లీకవుతోందని చెబుతోంది. అన్ని ఎంసీబీలు దించేసి ఒక్కొక్కటే పైకి వేసుకుంటూ పోతే ఏ లైను దగ్గర పడిందో తెలుస్తుంది, ఆ లైను మాత్రం ఆపి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూసుకోండి. మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే లోడు పెంచుకునే పనితో పాటు పేరు మార్పు కూడా ఒకేసారి పెట్టేసుకోండి.

కొత్త వైరు గోడల్లో ఎక్కడెక్కడ పోతోందో మూసేయకముందే ఫోటోలు తీసి, గది గదికీ ఒక కాగితం మీద గీయించుకోండి, ఏ ఎంసీబీ ఏ గదిదో కూడా దాని మీదే రాసి మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు అతికించేయండి, రేపు ఫోటో తగిలించడానికి మేకు కొట్టేది మీరు కాకపోవచ్చు.